సముద్రానికీ చెవులుంటాయి

హాల్వార్ నౌకాదళంలో ఇరవై ఆరేళ్లు పనిచేశాడు గానీ ఒక్క గుండు కూడా పేల్చలేదు. ఆయన పని వినడం. క్షిపణి పడవ అడుగున హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుని, ఎక్కడో తిరిగే రాడార్ తమ మీదుగా పోయినప్పుడల్లా వినపడే చిన్న కూతను బట్టి అది ఎవరి ఓడో చెప్పేవాడు. ఆ సంగతులు బయట చెప్పకూడదు కాబట్టి పెళ్లాం బోర్గిల్‌కి కూడా చెప్పలేదు. మూడుసార్లు పిలిస్తే గానీ పలకని మనిషికి వినే ఉద్యోగం ఎవరిచ్చారో అని ఆవిడ ఫ్లోరో ఊరంతా చెప్పి నవ్వేది.

రిటైరయ్యాక చేపల పడవ కొనుక్కున్నాడు. అరవై ఎనిమిదో ఏట తమ్ముడి కూతురు టూవా ఆయన్ని కొలువుకు పిలిచింది. ఆ పిల్ల పాత చేపల గోదాములో కంప్యూటర్ మీద ఓడల యుద్ధం ఆట తయారుచేస్తోంది. మొదటిరోజే ఆయన మొహం చిట్లించాడు.

"ఇదేంటే? రాడార్ వేసినవాడికి ఎంత దూరమో, దాన్ని వినేవాడికీ అంతే దూరమా?"

"ఇద్దరికీ సమానంగా ఉండాలి కదా పెదనాన్నా!"

"నీ తలకాయ్! చీకట్లో టార్చిలైటు వేసి దొంగని వెతుకుతున్నావనుకో. వాడు నీకు కనపడకముందే నీ లైటు వాడికి కనపడదూ?"

టూవా నియమం మార్చింది. ఇప్పుడు రాడార్ వేస్తే, అది చూడగలిగినదానికి రెండింతల దూరం వరకు వినపడుతుంది. హాల్వార్ అక్కడితో ఆగలేదు. మన సముద్రం ఎప్పుడు ఖాళీగా ఉందని, ఎనిమిది చేపల పడవల్ని వాటి రాడార్లతో సహా ఆటలో పెట్టించాడు. ఆడి చూసేవాళ్లు గోల పెట్టారు. అందరిలోకీ ఘటికుడు ఎస్కిల్.

"పెద్దాయనా, ఇది యుద్ధమా, చర్చిలో ప్రసంగమా? ఎంతసేపు కూర్చుని వినాలండీ?"

శనివారం ఇద్దరూ ఆడాలనీ, హాల్వార్ ఓడితే ఆ నియమం తీసేస్తాననీ టూవా తేల్చేసింది. ఆయనకి ఆ రాత్రి నిద్రపట్టలేదు. తన ఇరవై ఆరేళ్ల బతుకూ ఆ ఒక్క నియమంలోనే ఉంది మరి.

శనివారం ఆట పొగమంచులో మొదలైంది. హాల్వార్ రేవు దాటి దీవుల చాటున నక్కాడు. ఎస్కిల్ ఉండబట్టలేక రెండుసార్లు రాడార్ వేశాడు. హాల్వార్ రెండు చోట్ల నుంచి విని, ఆ రెండు దిక్కులూ కలిసినచోటికి క్షిపణులు వదిలాడు. ఎస్కిల్ ఓడ మునిగింది. గోదామంతా చప్పట్లు.

టూవా ఆటను మళ్లీ వేసి చూపించింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. మొదటినుంచీ హాల్వార్ ఓడ మీద చిన్న రాడార్ తిరుగుతూనే ఉంది! పదేళ్లుగా పొగమంచులో చేపల పడవ తీసేటప్పుడు ముందు రాడార్ వేసే చెయ్యి, ఇక్కడా వేసేసింది. అలవాటులో పొరపాటు. ఆయన మొహం పాలిపోయింది.

"ఈ గెలుపు చెల్లదు. తీసెయ్యమ్మా ఆ నియమం," అన్నాడు. "ఈ తప్పు చేసినవాణ్ణి నేనైతే పడవ మీంచి దింపేసేవాణ్ణి."

ఎస్కిల్ తల గోక్కున్నాడు. "నాకు వినపడిందండీ. మొదట్నుంచీ వినపడింది. ఎనిమిదింటితో తొమ్మిదోది, ఇంకో చేపల పడవ అనుకున్నా. ఆ పడవలు పెట్టించింది మీరే కదా! మీ సముద్రమే నన్ను ముంచింది. నియమం ఉండాల్సిందే. కానీ ఆ తేడా ఎలా పట్టాలో నాకు నేర్పాలి."

నేర్పమని తనను అడిగిన మొదటి మనిషి వీడే. హాల్వార్‌కి ఎంత సంతోషమేసిందో! హెడ్‌ఫోన్లు తీసి వాడి చెవులకు పెట్టి, తానూ ఇంకో జత తగిలించుకున్నాడు.

"కళ్లు మూసుకోరా. ఎన్ని పడవలున్నాయో చెప్పు."

గుమ్మంలో బోర్గిల్ వాఫుల్స్ అట్ల పళ్లెంతో నిలబడి, చల్లారిపోతున్నాయి రమ్మని మూడుసార్లు పిలిచింది. ఈసారి ఇద్దరికీ వినపడలేదు.