కంట్రోల్‌కి నంబరు లేదు

మా జిల్లా పోలీసు కంట్రోల్ రూమ్‌లో ఉద్యోగమంతా వైర్‌లెస్ సెట్టు ముందే గడిపిన ఆవిడ కొవ్వూరులో పోయారు. రిటైరైన అధికారుల వాట్సాప్ గ్రూపులో వార్త పెడితే, పెద్ద హోదాలో దిగిపోయిన ఒకాయన ‘ఎవరావిడ? నంబరెంత?’ అని అడిగాడు.

ఆవిడకు నంబరు లేదు.

వైర్‌లెస్‌లో మాకు పేర్లుండవు. జిల్లా పెద్దకు ఒకటి, ఆ కింద హోదాల వరుసన మిగతావాళ్ళకు, స్టేషన్లకు నంబర్లు. మా జిల్లాలో ఆ వరుస కట్టి పంచింది ఆవిడే. నంబరు కుర్చీది, మనిషిది కాదు. ఒకడు బదిలీ అయిన పూటే అదే నంబరుతో మరొకడు పలుకుతాడు. అందరినీ పిలిచే కంట్రోల్‌కు మాత్రం నంబరు ఉండదు.

మాట స్పష్టంగా వినిపించాలని ఎండాకాలంలోనూ ఆవిడ ఫ్యాను ఆపుకునేవారు. యూనిఫాం వీపంతా తడిసిపోయేది. ప్రతి మాటకీ ‘అండి’ తగిలించేవారు. సెట్టులో మర్యాదలు దండగని ఒక అధికారి మెమో ఇచ్చాడు. మర్నాడు పొద్దున్నే ఆవిడ దాన్ని సెట్టులో అందరికీ చదివి వినిపించారు, చివర ‘అండి’ చేర్చి.

ఆ నంబర్లలో నేను పన్నెండు. ఇసుక లారీలు ఎవరివో తెలిసే పట్టుకున్నాను. మర్నాటి మధ్యాహ్నానికి నన్ను తప్పించారు. నా స్థానంలోకి వచ్చినవాడు నాతో కలిసి ట్రైనింగ్ అయినవాడే. ఛార్జి తీసుకుని, నాతో ఒక్క మాటైనా అనకుండా, వెళ్ళి నా జీపెక్కాడు. నేను పెట్టె పట్టుకుని స్టేషన్ మెట్ల మీద నిలబడ్డాను. ఇంటికెళ్ళే బస్సు కోసం ఊరంతా చూస్తుండగా బస్టాండు దాకా నడవాలి. అతను జీపులోని సెట్టు మైకు అందుకున్నాడు.

“కంట్రోల్, పన్నెండు.”

“చెప్పండి పన్నెండు. గొంతు మారిందేంటండి?”

“కొత్తగా ఛార్జి తీసుకున్నాను.”

“మంచిదండి. పాత అయ్యగారు అక్కడే ఉన్నారాండి?”

అతను నావైపు చూడలేదు. “ఉన్నారు.”

“అయితే ముందు ఆయన్ని ఇంటి దగ్గర దింపి, దింపానని చెప్పండి. లైన్లోనే ఉంటానండి.”

జిల్లా అంతా విన్నది. అతనికి దింపక తప్పలేదు.

తర్వాతెప్పుడో నేను కృతజ్ఞత చెప్పబోతే, “జీపు ఉంది కదండి” అన్నారు. అంతకుమించి మాట్లాడనివ్వలేదు. మర్యాద మీద పెద్దవాళ్ళు రాసినవి చాలానే చదివాను. నాకు గుర్తుండిపోయింది ఆ ఒక్క ముక్కే.

మొన్న కొవ్వూరు వెళ్ళాను. ఆనాడు నా జీపెక్కినవాడూ వచ్చాడు, పెద్ద దండతో. ఆవిడ తనకు సొంత అక్కలాంటిదని నలుగురిలో కళ్ళొత్తుకున్నాడు. శవం ముందు కదా అని అక్కడ నోరు మూసుకున్నాను. ఇక్కడ రాస్తున్నాను.

బయటికొచ్చి, రాజమండ్రి బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాను. మోకాళ్ళు నిలబడనివ్వడం లేదు. అతని కారు నా ముందు నుంచే వెళ్ళింది. అద్దం దించే ఉంది. నన్ను చూశాడు. ఆపమని చెప్పే గొంతు ఇక లేదు. వెనక సీటు ఖాళీగా, ఆ కారు వంతెనెక్కి గోదావరి మీదుగా చిన్నదైపోతూ చాలాసేపు కనిపించింది.