రెండో చప్పుడు

కొత్తకోట దగ్గర మా చెలక కంకర క్వారీ గుట్ట కిందే ఉండేది. మధ్యాహ్నం రాళ్లు పేల్చేముందు క్వారీవాళ్లు సీటీ కొడితే చేతిలో పని వదిలేసి రోడ్డు మోరీ కింద దూరాలి. ఒక్కటే పెద్ద చప్పుడు. భూమి అదిరి ఊరుకునేది. మళ్లీ లేచి పనిలో పడేవాళ్లం. అంతా అయిపోయిందని ఇంకో సీటీ కొట్టాలని రూలట. ఏనాడు కొట్టి చచ్చారు గనుక? చప్పుడే మాకు రెండో సీటీ.

ఆ రోజు పల్లిచేనులో కలుపు తీస్తుంటే సీటీ వినబడింది. అమ్మ, బాపు, నేను మోరీ కిందికి చేరాం. తొందరలో బర్రెదూడ చేనులోనే గుంజకు కట్టి ఉండిపోయింది. కాసేపటికి ఢామ్మని మోగింది. రోడ్డవతల కోళ్ల ఫారం రేకులు గడగడలాడాయి. దూడ పెనుగులాడుతూ అరవసాగింది.

"అయిపోయింది గదా. దూడ బెదిరినట్టుంది, జర పోయి చూడు" అంది అమ్మ.

బాపు బీడీ ఆర్పి, తువ్వాల భుజాన వేసుకొని పోయాడు. గుట్ట మీద దుమ్ము లేవలేదు. మేమెవరమూ అటు చూడలేదు. బాపు వంగి తాడు విప్పుతుండగా గుట్ట పేలింది.

ఒక్క రాయి తగిలింది, తలకు. దవాఖానకు చేరకముందే బాపు పోయాడు. దూడకు ఏమీ కాలేదు.

తాము ఒక్కసారే పేల్చామన్నారు క్వారీవాళ్లు. రెండుసార్లు విన్నామని మేం మొత్తుకున్నాం. ఆ మొదటిది మిలిటరీ విమానమని దినాలయ్యాక తెలిసింది. అదే సమయానికి కొత్తకోటలో కూడా కిటికీ అద్దాలు అదిరాయట. "చప్పుడు కంటే జోరుగ పోతె గట్లనే మోగుతదంట" అని చాయ్ హోటల్లో ఒకాయన తాపీగా చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పైన పోయేవాడి మీద, సీటీ కొట్టనివాడి మీద, చాయ్ తాగుతూ చెప్పిన ఆయన మీద కూడా.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను, తప్పు ఆమెది కాదని.

"ఏదైతేంది, పొమ్మన్నది నేనే గద" అంది.

క్వారీ మూతపడి చాలా రోజులైంది. అయినా ఉరిమినా, ఎవరి పెళ్లిలోనైనా బాంబు పేలినా అమ్మ చేస్తున్న పని ఆపి కూర్చుంటుంది. మొన్న నేను పనికి బయలుదేరుతుంటే రోడ్డు మీద లారీ టైరు పేలింది. అమ్మ పరుగున వచ్చి నా అంగీ పట్టుకుంది.

"ఆగు కొడుకా. ఇంకోటి కానియ్."

చాలాసేపు నిలబడ్డాం. ఇంకోటి రాలేదు. అమ్మ అంగీ వదల్లేదు.