అవ్వ గుండెల నొప్పి, వాడ సంబురం

పొద్దున్నే అన్నం వార్చిన గంజి గిన్నెలో ఇన్ని చల్లనీళ్లు కలిపి, వాపెక్కి బిగుసుకుపోయిన నా రెండు చేతులూ అందులో ముంచి కూర్చుంటాను. కీళ్లవాతానికి వేడినీళ్ల కాపడం మంచిదని డాక్టర్లు చెబుతారు, కాదనను, కానీ వేడినీళ్లకు వాసన ఎక్కడిది? గంజికి ఉంటుంది. ఆ వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, భువనగిరిలోని ఈ మూడో అంతస్తు వంటిల్లు మాయమై, మా ఊళ్లో చేనేతోళ్ల వాడ, అందులో మా ఇంటి ముందరి సందు, ఆ సందు పొడుగునా గుంజలకు కట్టి బిగించిన, మగ్గానికెక్కాల్సిన పడుగు నూలు, దాని కింద దూరి ఉరికే మా పిల్లల మంద, మా వెనుక చీపురు పట్టుకుని తిట్టుకుంటూ వచ్చే మా అవ్వ, అన్నీ ఒక్కసారే లేచి వస్తాయి.

ఆ నూలుకు గంజి పట్టించే గంజి పొద్దు అంటే మాకు పండుగ కన్నా ఎక్కువ. పండుగ ఏడాదికోసారి వస్తుంది, పడుగు సిద్ధమైనప్పుడల్లా గంజి పొద్దే. చలికాలమైతే ఇంకా మజా. పొయ్యి మీద పెద్ద గంగాళంలో గంజి కుతకుతలాడుతుంటే, అందులో ఇంత పల్లినూనె పడి కమ్మటి వాసన సందంతా కమ్ముకుంటుంటే, మగవాళ్లు రెండు పక్కలా నిలబడి పొడుగాటి కుంచెలతో తడి నూలును దువ్వుకుంటూ ముందుకు పోయేవారు, వెనక్కి వచ్చేవారు, మళ్లీ పోయేవారు. ఆ కింద మాకు గుహ. నెత్తి మీద గంజి చుక్కలు పడి జుట్టు అట్టలు కట్టేది. కోళ్లనూ మేకపిల్లలనూ పడుగు దగ్గరికి రాకుండా తరమడం మా కొలువు. జీతం ఏమిటంటే పెనం మీది నుంచి దిగీ దిగకముందే చేతిలో పడే సర్వపిండి ముక్క, నాలుక కాలి, కళ్లల్లో నీళ్లు తిరిగినా ఊదుకుంటూ మింగేవాళ్లం. నియమం మాత్రం ఒక్కటే. గంజి పట్టించిన తర్వాత పెండ్లి వచ్చినా, చావు వచ్చినా కుంచె ఆగొద్దు. ఆగితే పోగుకు పోగు అంటుకుని పడుగంతా తాడై కూర్చుంటుంది, ఇంటిల్లిపాదీ నెలంతా తినే కూడు దానితోపాటే పోతుంది.

అవ్వ అంటే మా నాయిన తల్లి, లచ్చవ్వ. ఆమె వేళ్లు పసుపు కొమ్ముల లెక్క ముడులు పడి ఉండేవి. పొద్దున లేవగానే కొప్పు కూడా ముడుచుకోలేకపోయేది. గంజి పొద్దున మాత్రం గంగాళం అడుగున మిగిలిన గోరువెచ్చని గంజిలో చేతులు పెట్టి, కళ్లు మూసుకుని, దేవుడు ప్రత్యక్షమైనట్టు ముఖం పెట్టేది. ఆ చేతుల నొప్పికి తోడు గుండెల నొప్పి. దానికి వేళా పాళా లేదు. ఎవరినో తిడుతూ తిడుతూ సగం మాటలో ఆగిపోయి, రొమ్ము ఎముక మీద అరచేయి ఒత్తిపెట్టుకుని నిటారుగా కూర్చునేది.

అంతే, వాడ కదిలేది! పక్కింటి ఎంకటమ్మ వాముతో, ఎదురింటి వాళ్లు వేయించిన ఉప్పు మూటతో, ఇంకొకరు దిష్టి తీయడానికి ఎండు మిరపకాయలతో. మిరపకాయలు కాలి ఘాటు రాలేదంటే దిష్టే అని ఒకరు, వాయువు అని ఒకరు, మా అరుగు మీద పెద్ద పంచాయితీ. వట్టి చేతులతో ఎవరూ వచ్చేవారు కారు, శొంఠి బెల్లం ఉండలో, మురుకులో, కొంగున రెండు జామకాయలో తెచ్చేవారు. అవ్వ తినేది కాదు, మేము వదిలేది లేదు. "అవ్వకు మళ్లెప్పుడొస్తదే నొప్పి?" అని ఒకసారి అమ్మను అడిగి వీపు మీద బాగానే తిన్నాను.

అయితే ఒక గంజి పొద్దున వచ్చిన నొప్పి అట్లాంటిది కాదు. పడుగు సగం తడిసింది. నాయిన చేతిలో కుంచె. అరుగు మీద అవ్వ ముఖం సున్నం కొట్టినట్టయి, చెమటలు కారుతున్నాయి. ఉప్పు మూట పెట్టినా తగ్గలేదు. నాయిన పడుగు వంక చూస్తాడు, అవ్వ వంక చూస్తాడు, కాళ్లు ఏ దిక్కూ పడవు.

"పడుగు తడి మీదున్నది కొడుకా, కుంచె ఆపకు. నాకు గిది పాతదే," అంది అవ్వ.

ఎంకటమ్మ కొంగు నడుముకు దోపింది. మా వాడలో ఆడవాళ్లు కుంచె పట్టరు. ఆమె నాయిన చేతిలోంచి దాన్ని గుంజుకుంది. "ముసల్దాన్ని బస్సెక్కియ్యి, పో. నీ పడుగు నేను జూస్త. తాడైతే నన్ను గా గుంజకే కట్టేయి!"

అవ్వ సంచి పట్టుకోవడానికి నేనూ వెంట పోయాను. దవాఖానలో డాక్టరు గొట్టం పెట్టి చూశాడు, వైర్లు తగిలించి కాగితం తీశాడు, "గుండె మంచిగుంది, నీకేమీ లేదవ్వా," అన్నాడు.

"ఏమీ లేకుంటే గంజి పొద్దు ఇడిసిపెట్టి నీ మొఖం సూడనీకొచ్చిన్నా?" అంది అవ్వ. ఆయన నవ్వి మాత్రలు రాశాడు. నాయిన ముఖంలో మాత్రం ప్రాణం వచ్చింది. తిరుగు బస్సులో అవ్వ ఒక్కరిని కూడా తిట్టలేదు. నాకు అదే భయం వేసింది. చాలాసేపటికి నా చెవి దగ్గర మెల్లగా, "లేదంటడేందే బిడ్డా? నొస్తనే ఉన్నది గదా," అంది.

మేము దిగేసరికి పడుగు ఆరి, పట్టు లెక్క మెరుస్తోంది. ఎంకటమ్మ నెత్తి మాత్రం గంజితో అట్ట కట్టి ఉంది. వాడంతా మా అరుగు మీదే. "డాక్టరేమన్నడే?" అని వాళ్లు. "ఏం లేదన్నడు," అని అవ్వ. ఇక చూసుకోండి! "వానికేం ఎరుక? నువ్వు ఒత్తుకునుడు మేం జూస్తలేమా? వాని గొట్టం వాని మెడకే ఉరేసుకొమ్మను!" తిట్ల వాన. ఆ వానలో అవ్వ ముఖం విచ్చుకుంది, తనూ రెండు తిట్లు కలిపింది. ఆ నొప్పితోనే చాలా ఏళ్లు బతికింది.

ఇప్పుడు ఆ వేళ్లు నావి, ఆ నొప్పీ నాదే. తెలంగాణ వచ్చింది, మా భువనగిరి జిల్లా కేంద్రమైంది, పరీక్షలకు కొదవ లేదు. నొప్పి వచ్చిన ప్రతిసారీ పోతాను, గుండెతో పందేలు కాయను. ప్రతిసారీ రిపోర్టులు బాగుంటాయి. గ్యాస్ అన్నారు, టెన్షన్ అన్నారు, వయసు అన్నారు. ఒకాయన "ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా?" అని అడిగితే "ఇంట్లో లేవు, ఇక్కడే మొదలైనయి," అన్నాను.

మొన్న హైదరాబాద్‌లో ఒక కీళ్ల డాక్టరమ్మ, నా కూతురు వయసుది, రిపోర్టులన్నీ చదివి, రొమ్ము ఎముక పక్కన వేలితో ఒత్తి, నేను కెవ్వుమంటే ఆగింది. "నొప్పి ఉందమ్మా. వాపు పక్కటెముకల కీళ్ల దాకా వచ్చిందేమో, కాదేమో. ఎందుకో నాకు ఇంకా తెలియదు. చెమట పట్టినా, ఊపిరాడకపోయినా ఆగకుండా దవాఖానకు పోండి. మిగతాది కలిసి చూద్దాం," అంది.

ఉంది అంది! తెలియదు అంది! కుర్చీలోంచి ఎగిరి గంతేయలేదు గానీ, మోకాళ్లు సహకరిస్తే వేసేదాన్నే. ఇంత పెద్ద ముచ్చట ఇంటికి పట్టుకుపోయి గోడలకు చెప్పనా? భువనగిరిలో బస్సు దిగి ఆటో మాట్లాడుకుని నేరుగా మా ఊరికి, మా పాత వాడకు పోయాను. సిమెంటు రోడ్డు, ఎత్తు గోడలు, ఇనుప గేట్లు. అరుగులు రోడ్డులో కలిసిపోయాయి. గుంజలు నాటిన జాగాలో కార్లు నిలబడి ఉన్నాయి. మిగిలిన రెండు మూడు మగ్గాలకు గంజి పట్టిన నూలే బయటి నుంచి వస్తుందట. ఎంకటమ్మ ఇంటి గేటు కొడితే కుక్క మొరిగింది, కిరాయికి ఉన్న అమ్మాయి కిటికీలోంచి "ఎవరు కావాలె?" అంది.

మళ్లీ వచ్చి ఆటోలో కూర్చున్నాను. ఆటో ఆయన అద్దంలో నన్ను చూసి, "ఏంది మేడం, పొయ్యేటప్పుడు ఖుషీగుంటిరి?" అన్నాడు.

"డాక్టరమ్మ నా నొప్పి ఎందుకో తెల్వదన్నది, గందుకే ఖుషీ," అన్నాను.

ఆయన బండి పక్కకు తీసి ఆపి, పూర్తిగా వెనక్కి తిరిగాడు. "తెల్వదంటే ఖుషీ ఏంది మేడం? డాక్టరును మార్చుండ్రి!"

భువనగిరి దాకా ఆయనతో కొట్లాడుతూనే వచ్చాను.