గుండు పప్పు పట్టుకున్న చేయి

2023 ఎండాకాలం. టెక్కలి నుంచి శ్రీకాకుళం వెళ్లే హైవే మీద ఒక క్యాన్సర్ ఆసుపత్రి. పేరు చెప్పను. రేపు పొద్దున్న మళ్లీ డ్యూటీకి అక్కడికే వెళ్లాలి.

నేను మెడికల్ ఫిజిసిస్టుని. ఇదేం ఉద్యోగమో మా చుట్టాల్లో ఎవరికీ తెలియదు. పెళ్లిళ్లలో నన్ను పక్కకి పిలిచి మోకాళ్లు చూపిస్తుంటారు. గడ్డకి ఎంత రేడియేషన్ ఇవ్వాలో డాక్టరు రాస్తారు. అది ఏ కోణంలో, ఎంత శక్తితో, ఎంత లోతుకి వెళ్లాలో కంప్యూటర్లో లెక్కకట్టేది నేను. ఆ సాఫ్ట్‌వేర్ పేరు ట్రీట్‌మెంట్ ప్లానింగ్ సిస్టమ్. రోగి సీటీ స్కాన్ ఇస్తే, ఎక్కడ ఎంత డోసు పడుతుందో రంగుల్లో గీసి చూపిస్తుంది.

చర్మం మీది గడ్డలకి ఎలక్ట్రాన్ బీమ్ వాడతాం. ఎక్స్-రే హరిశ్చంద్రపురం లాంటి చిన్న స్టేషన్లో ఆగని ఎక్స్‌ప్రెస్ లాంటిది, ఒంట్లో దూరి అవతలి వైపు నుంచి వెళ్లిపోతుంది. ఎలక్ట్రాన్ పల్లెవెలుగు బస్సు. ఎక్కడ ఆగాలో చెబితే సుమారుగా అక్కడే ఆగుతుంది. కానీ దానికి పట్టింపులెక్కువ. చర్మం వంకరగా ఉన్నా, మీద పరిచిన బోలస్ కింద గాలి సందు మిగిలినా, లెక్కంతా మారిపోతుంది. బోలస్ అంటే మెత్తటి జెల్లీ పలక. పైచర్మానికి కూడా డోసు పూర్తిగా అందడానికి వేస్తాం.

ఎస్తేరమ్మ పలాస నుంచి వచ్చింది. యాభై దాటిన మనిషి. కుడి చేతి మీద, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మ క్యాన్సర్. ఆ రెండు వేళ్లూ తీసేస్తే సుఖం అన్నారట సర్జన్ గారు. ఎవరికి సుఖమో చెప్పలేదు. ఆమె మా డాక్టరమ్మ దగ్గర కూర్చుని, "ఈ రెండు ఏళ్లూ ఒగ్గీండమ్మా. కావాలంటే అటేపు మూడూ తీసీండి, అవి ఊరికే ఉన్నాయి" అందట. అందుకే రేడియేషన్ ప్రయత్నిద్దామనుకున్నారు.

ఈ మాట నాకు తరవాత తెలిసింది. నా దగ్గరికి వచ్చింది మనిషి కాదు, ఫైలు. అందులో ఆక్యుపేషన్ దగ్గర హౌస్‌వైఫ్ అని ఉంది.

స్కాన్‌లో చేయి బల్లకి అతుక్కుని చపాతీలా ఉంది. ఫిజిసిస్టుకి అంతకంటే ఆనందం ఏముంటుంది? తొమ్మిది ఎంఈవీ శక్తి, పైన బోలస్, గడ్డ చుట్టూ రంగులు గీత తప్పకుండా కుదిరాయి. సాఫ్ట్‌వేర్ అన్ని గడుల్లోనూ ఆకుపచ్చ టిక్కులు పెట్టింది. మూడు రోజులు ఆమె చేతి బొమ్మతో కాపురం చేశాను. చేతిని మాత్రం ఒక్కసారీ చూడలేదు.

మొదటి రోజు ట్రీట్‌మెంట్ గదిలోంచి కేకలు. మా సీనియర్ టెక్నాలజిస్టు రమణ.

"సెయ్యి సాపమన్నానా? సాపు!"

"సాపీనాను బాబూ."

"ఇదేటి సాపడం? గద్ద కాలులాగుంది!"

చేతిని నొక్కి, టేపు వేసి, బోలస్ పరిచి బయటికొచ్చాడు. తలుపు మూసుకుంది. కెమెరాలో చూస్తూండగానే ఆ రెండు వేళ్లూ మెల్లగా పైకి లేచాయి, బోలస్‌ని కూడా లేపుకుంటూ. కింద వేలు దూరేంత సందు. బీమ్ ఆన్ చేయలేదు. ఇలా మూడుసార్లు. నాలుగోసారి రమణ లోపలికి వెళ్లలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని 'పేషెంట్ నాట్ కోఆపరేటింగ్' అని కొట్టాడు.

డాక్టరమ్మకి ఫోన్ చేశాం. "రేపు కూడా కుదరకపోతే సర్జరీకి పంపించేద్దాం" అన్నారు. ఆవిడ తప్పు లేదు, స్క్రీన్ మీద ఉన్నది చదివారు. మూడు ఇంగ్లీషు మాటలకి రెండు వేళ్లు. మంచి రేటే.

లోపలికి వెళ్లాను. ఆమె తన చేతిని తనే ఒళ్లో అదిమిపెట్టుకుని కూర్చుంది, అల్లరి చేసిన పిల్లని పట్టుకున్నట్టు.

"పిన్నీ, ఏళ్లు ఎప్పట్నుంచి ఇలగున్నాయి?"

"ఇరవయ్యేళ్లకి పైమాటే బాబూ. జీడిపప్పు పేక్టరీలో పొట్టు తీత్తాను గదా. పొద్దున్నుంచి పొద్దుగుంకేదాకా ఇలగే పట్టుకోవాల. పడుకున్నా సాగవు. పార్థనలో సేతులు జోడించినా ఇలగే ఉంటాయి. దేవుడేటీ అనుకోడు."

"మరి ఇస్కేనింగు రోజున సాగినాయి కదా?"

"అక్కడి బాబు పట్టీలేసి కట్టీసినాడు. పేణం పోయింది. నోరు మెదపనేదు. పెద్ద మిషను గదా, కదిల్తే పాడైపోద్దేమోనని బయపడ్డాను."

మిషను పాడవకూడదని ఓర్చుకున్న మనిషి గురించి 'సహకరించలేదు' అని రాశాం మేం. నాకు ఒళ్లు మండిపోయింది. మండిన ఒంటితోనే రిజిస్ట్రేషన్ కౌంటర్‌కి వెళ్లాను.

"హౌస్‌వైఫ్ అని ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు సార్. ఫిమేల్ అని కొడితే అదే వచ్చేస్తుంది. మార్చాలంటే ఇంకో రెండు క్లిక్కులు."

పలాస చుట్టుపక్కల ఆడవాళ్ల చేతుల మీదుగా దేశమంతా పాయసాల్లోకి జీడిపప్పు వెళుతుంది. మా కంప్యూటర్‌కి మాత్రం వాళ్లంతా ఇంట్లో కూర్చున్నారు. రెండు క్లిక్కులు మిగిలాయి కదా, దేశానికి లాభమే.

తరవాత చేసిన పని చాలా చిన్నది. అందుకే ఇంకా కోపం. చేయి స్కాన్‌కి లొంగకపోతే, స్కానే చేతికి లొంగాలి. ఆమె వేళ్లు ఎలా ఉంటాయో అలాగే ఉంచి చుట్టూ మైనం పోసి అచ్చు తీద్దామని డాక్టరమ్మని ఒప్పించాను. మైనమే బోలస్‌గా పనికొస్తుంది, పైభాగం చదునుగా ఉంటుంది, గాలికి చోటుండదు. వేళ్లు రోజూ ఒకే ఎడంలో ఉండాలి కాబట్టి క్యాంటీన్‌కి పరుగెత్తి ఆమె వేళ్ల మధ్య పెట్టడానికి ఉప్మాలోంచి ఒక జీడిపప్పు ఏరుకొచ్చాను. మా క్యాంటీన్‌లో ప్లేటుకి ఒకటే వస్తుంది.

ఆమె దాన్ని రెండు వేళ్ల మధ్యా పట్టుకుని, కళ్లు కూడా దించకుండా తిరిగి ఇచ్చేసింది.

"ఇది బద్ద బాబూ. ఏళ్లు దగ్గిరికొచ్చీతాయి. గుండు తేవాల. టూ ఫార్టీ. నాను పట్టేది అదే."

గుండంటే విడని నిండు గింజ. పౌనుకి అవి ఎన్ని తూగుతాయో, అదీ ఆ నంబరు, పెరిగేకొద్దీ గింజ చిన్నది. మర్నాడు నేను దుకాణంలో టూ ఫార్టీ అనే అడిగి కొనుక్కొచ్చాను. ఆమె ఒకటి తీసి పట్టుకుంది.

"ఇది త్రీ ట్వంటీ. నిన్ను మోసం సేసినారు."

పొట్లంలో వెతికి, వేళ్లతోనే తూచి, తనే ఒకటి ఎంచుకుంది. మిల్లీమీటర్ల కోసం నేను స్క్రీన్ మీద కళ్లు పోగొట్టుకుంటాను. ఆమెకి అవి వేళ్లలోనే ఉన్నాయి. అచ్చు తీశాం, మళ్లీ స్కాన్ చేశాం, ప్లాన్ కొత్తగా వేశాను. ఈసారి తలుపు మూశాక కెమెరాలో ఏమీ కదల్లేదు.

"ముందే సెప్పొచ్చు గదా ఆవిడ!" అన్నాడు రమణ.

"నువ్వడిగినావేటి బావా? నానడిగినానా?" అన్నాను.

ఆరు వారాలు, పలాస నుంచి మొదటి బస్సుకి వచ్చి వెళ్లింది. ఆఖరి రోజు అడిగింది, "నా కాయితం మీద ఏటి రాసినారు బాబూ?"

"హౌస్‌వైఫ్ అని. అంటే ఇంటి కాడుంటావని."

"ఇంటి కాడ ఎప్పుడున్నాను?" అని పకపకా నవ్వింది. "ఇంటి కాడుంటే నా సెయ్యి ఇలగెందుకవుద్ది?"

ఆర్నెల్ల తరవాత చెకప్‌కి వచ్చింది. రేడియేషన్‌కి లేచిన పుండు మానింది. చర్మం నల్లబడి బిగుసుకుంది. గడ్డ ఆనవాళ్లు కనబడటం లేదు, అయినా వస్తూ ఉండాలన్నారు డాక్టరమ్మ. రెండు వేళ్లూ ఉన్నాయి, ఎప్పటిలాగే వంగి.

అప్పటినుంచి నాకొక అలవాటయింది. సాఫ్ట్‌వేర్ తెరవకముందు వెయిటింగ్ హాల్లోకి వెళ్లి, రోగి పక్కన కూర్చుని, ఏం పని చేస్తారని అడుగుతాను. ఫిజిసిస్టుకి ఇదేం పని అని నవ్వేవాళ్లున్నారు. మొన్న మూలపేట నుంచి ఒకావిడ వచ్చింది, భుజం మీద గడ్డ. చేపల తట్ట మోసీ మోసీ ఆ భుజం కిందికి దిగిపోయింది. ఫైల్లో ఏముందో వేరే చెప్పాలా?

ఎస్తేరమ్మ ఆక్యుపేషన్ నేనే మార్చాను, రెండు క్లిక్కులూ ఖర్చుపెట్టి. రమణ రాసిన ఆ మూడు మాటలు మాత్రం పోలేదు. ఒకసారి ఎక్కించాక తుడవడానికి సిస్టమ్ ఒప్పుకోదు. అందుకని వాటి కిందే నా పేరుతో ఒక వాక్యం చేర్చాను: 'ప్లాన్ వేసేముందు ఫిజిసిస్టు రోగి చేతిని చూడలేదు.' అది కూడా ఎవరూ తుడవలేరు.