రైలు కిటికీలో నెల్లూరు

ముత్తుకూరు చుట్టుపక్కల పల్లెల్లో కోడెదూడ మూపురం నిమిరి, అది నాలుగేళ్లకు ఎట్లా తయారవుతుందో చెప్పగలిగిన మనిషి చెంచురామయ్య. పద్మనాభయ్య గారి పశువుల చావిడే అతని లోకం. 1960లో బ్రెజిల్ నుంచి వచ్చిన దొరలు ఆ చావిట్లో సోముడనే ఆబోతును కొన్నారు. "వీడు లేందే అది గడ్డి ముట్టదు" అని పద్మనాభయ్య గారు చెప్పడంతో, ఆబోతుతో పాటు చెంచురామయ్యను కూడా మద్రాసులో ఓడెక్కించారు.

రోగాలేవీ లేవని తేలేదాకా పశువులను సముద్రం మధ్య ఒక దీవిలో నెలల తరబడి ఉంచారు. అక్కణ్ణుంచి పెద్ద రేవు చేరేసరికి చెంచురామయ్యకు చలిజ్వరం. సోముణ్ణి రైలుపెట్టెలో ముందే పంపేసి, అతణ్ణి ఆస్పత్రిలో చేర్చారు. తెల్లబట్టల సిస్టరమ్మలు పన్నెండు రోజులు, రెండు పూటలా చిక్కటి చారు తాగించి మనిషిని నిలబెట్టారు. ఆ తర్వాత, దిగాల్సిన స్టేషను పేరు రాసిన చీటీని జేబుకు పిన్నీసుతో గుచ్చి, ఒంటరిగా రైలెక్కించారు. రెండు రోజుల ప్రయాణం.

మొదటి రోజంతా కొండలు, ఎర్రమట్టి, బారులు తీరిన కాఫీ చెట్లు. అరటిపళ్లూ రొట్టే తింటూ కూర్చున్నాడు. ఎదురుగా గడ్డిటోపీ ముసలాయన ఒకడు, మాట కలవకపోయినా, నవ్వుతూ కాఫీ పోసిచ్చాడు.

రెండో రోజు పొద్దున కొండలు అయిపోయి మైదానం మొదలైంది. దూరంగా పచ్చికలో తెల్లతెల్లగా ఏవో కనిపిస్తే చెంచురామయ్య కొంగలనుకున్నాడు. రైలు దగ్గరికొచ్చింది. మూపురాలు. వేలాడే గంగడోళ్లు. కాటుక పెట్టినట్టున్న కళ్లు, నల్లటి తోక కుచ్చులు. ఒకటీ రెండూ కాదు, ఎంతసేపు పోయినా మంద తెగలేదు. జిల్లా మొత్తం గాలించినా అన్ని దొరకవు. చెంచురామయ్య లేచి కిటికీ ఊచలు పట్టుకుని అరిచాడు.

"ఇయ్యి మాయి! మా ఊరి గొడ్లు!"

పెట్టెలో అందరూ తిరిగి చూశారు. ముసలాయన మంద వైపు చెయ్యి చూపి, "నెలోరి" అన్నాడు.

"ఏందీ? నెల్లూరా?"

"నెలోరి, నెలోరి!"

చెంచురామయ్య కిటికీ వదిలి అతని వైపు తిరిగాడు. గుండె మీద చెయ్యి వేసుకుని, "నెల్లూరు. నేను నెల్లూరు" అన్నాడు. ముసలాయన తల మీద రెండు వేళ్లు కొమ్ముల్లా పెట్టుకుని పకపకా నవ్వాడు. ఈ మనిషి తాను ఎద్దునని చెప్పుకుంటున్నాడనుకున్నాడు పాపం. ఎప్పుడో ఓడల్లో వచ్చి అక్కడ పెరిగిన ఆ జాతి పశువుల పేరనే తప్ప, నెల్లూరు ఒక ఊరని ముసలాయనకు తెలియదు.

మధ్యాహ్నం ఒక జంక్షనులో రైలు ఆగింది. పక్క పట్టాల మీద గూడ్సుబండి. చెక్కల సందుల్లోంచి అవే కళ్లు, అవే ముట్టెలు. తిరగడానికి చోటు లేకుండా కుక్కారు. చెంచురామయ్య దిగి సందులో చెయ్యి పెడితే ఒక కోడె అరచెయ్యి నాకింది. ఎక్కడికి తీసుకుపోతున్నారని ముసలాయన్ను సైగతో అడిగాడు.

ముసలాయన మెడ మీద అడ్డంగా చెయ్యి గీసి చూపించాడు. తర్వాత వేళ్లు నోటి దగ్గరికి తెచ్చుకుని చప్పరించాడు. ఆ మొహంలో క్రూరత్వమేమీ లేదు. పంట ఇంటికొచ్చిన సంగతి చెబుతున్నట్టు చెప్పాడు.

చెంచురామయ్యకు అప్పుడు ఆస్పత్రి చారు గుర్తొచ్చింది. చిక్కటి చారు, పన్నెండు రోజులు. పట్టాల పక్కనే వంగి కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. ముసలాయన పరుగున నీళ్లు తెచ్చి, నుదురు పట్టుకుని, వీపు నిమిరాడు. ఆ చేతిని విదిలించడానికి చెంచురామయ్యకు మనసు రాలేదు.

దొరల పశువులదొడ్డిలో సోముడు వాసన పట్టి వచ్చి అతని భుజం మీద గడ్డం ఆనించాడు. నెల రోజులుండి, కొత్త మనిషి అలవాటయ్యాక చెంచురామయ్య తిరుగు ఓడ ఎక్కాడు.

ఊళ్లో జనం మూగితే నెల్లూరు పేరుతో తిరిగే మందల గురించి చెప్పాడు. అందరూ పొంగిపోయారు. మిగతాది భార్య వెంకటశేషమ్మకు మాత్రమే చెప్పాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"సోముణ్ణి గూడానా?"

"వాణ్ణి గాదు. వాడు మేలుజాతి గదా, దేవుడి మాదిరి చూసుకుంటా ఉండారు. వాడి బిడ్డల్ని."

తనే మళ్లీ అన్నాడు. "ఆ చారు ఏందో నాకు తెలీదు శేషమ్మా."

"తెలీనిదానికి నువ్వేం జేస్తావు? లే, నీళ్లు కాగినాయి."

మరుసటేడు మళ్లీ కొనేవాళ్లు వచ్చారు. పద్మనాభయ్య గారు కబురు పెడితే చెంచురామయ్య చావిట్లోకి వెళ్లాడు. సోముడి కంటే మిన్న కాగల కోడెలు రెండు అక్కడ నెమరేస్తున్నాయి. పుట్టి బుద్ధెరిగాక గొడ్డు విషయంలో అతను అబద్ధమాడి ఎరగడు.

"ఈ ఏడు మంచియి లేవయ్యా" అన్నాడు.

పద్మనాభయ్య గారు అతని మొహం వంక చూశారు. "నిజవేనా చెంచురామయ్యా?"

"లేవయ్యా."

ఆయన మారు అడగలేదు. వచ్చినవాళ్లు బోగోలు వైపు వెళ్లిపోయారు. ఆ కోడెలు రెండూ తర్వాత కోవూరులో ఒక రైతుకు దుక్కికి పోయాయి.