సూదుల పెట్టెకు సలాం ఎవరు కొడతారు

మొన్న పంద్రాగస్టుకు వారం ముందు మా కాలనీ సంఘం అధ్యక్షుడు ఇద్దరు కుర్రవాళ్లను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఈసారి జెండా పండుగనాడు దేశసేవ చేసినవాళ్లను సన్మానిస్తున్నామని, రిటైరైన పంతులమ్మను కనుక వాళ్ల గొప్పతనం గురించి నేను రెండు మాటలు మాట్లాడాలని అడిగాడు. శాలువాలు ఎవరెవరికని అడిగితే పేర్లు చదివాడు. మిలిటరీలో చేసి వచ్చినవాళ్లు ఇద్దరు, పోలీసు ఒకాయన, ఫైరింజను ఆఫీసులో పనిచేసినాయన ఇంకొకరు. బాగానే ఉంది, మరి కరోనా రోజుల్లో ముక్కుకు గుడ్డ కట్టుకుని గడపగడపా తిరిగి మనందరికీ సూదులు వేసిన నర్సమ్మ పేరేదీ అన్నాను. నాకు పిల్లవాడిలాంటి ఆ యాభై ఏళ్ల అధ్యక్షుడు నవ్వి, ఆమెది మామూలు ఉద్యోగం కదా మేడం అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎనభై ఏడేళ్ల వయసులో కోపం తెచ్చుకోకూడదని డాక్టరు చెబుతూనే ఉంటాడు గానీ, ఈ మామూలు ఉద్యోగమనే మాటతో నాకు చాలా పాత పేచీ ఉందని ఆయనకేం తెలుసు?

మిలిటరీవాళ్ల మీద నాకేదో కక్ష అని మాత్రం ఎవరూ అనుకోవద్దు. మా ఇంట్లోనే ఒక మిలిటరీ ఉండేవాడు, మా చిన్నాయన. ఆయనకు స్వయానా అన్న, మా నాయన, నంద్యాలలో ఉంటూ చుట్టుపక్కల పల్లెలకు తిరిగి టీకాలు, కలరా సూదులు వేసే సర్కారు ఉద్యోగి. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే మిషను బడిలో అక్షరాలు దిద్దుకున్న ఇద్దరిలో ఒకరిని చూస్తే ఊరు ఎదురొచ్చేది, ఇంకొకరిని చూస్తే ఊరు తలుపులు వేసుకునేది. నా కడుపుమంట అంతా అదే.

నా ఈడువాళ్లకు సూదాయన ఎట్లుండేవాడో చెప్పనక్కరలేదు. సైకిలు వెనక కట్టిన చెక్కపెట్టె, అందులో స్పిరిటు స్టవ్వు, దాని మీద కాచిన నీళ్లలో ఉడికే సూదులు. ఆ సూదులు కూడా ఇప్పటిలాగా వెంట్రుకంత సన్ననివి కావు, గోనెసంచులు కుట్టే దబ్బనాలకు తమ్ముళ్లలాగా ఉండేవి. నాయన సైకిలు ఊరి మొదట్లో కనిపిస్తే చాలు, పిల్లలు గడ్డివాముల్లో దూరేవారు, మగవాళ్లకు చేలల్లో పని గుర్తొచ్చేది, ఆడవాళ్లు వాకిట్లో నిలబడి, పిల్లోళ్లు వాళ్ల మామ ఊరికి పోయినారప్పా అని కళ్లార్పకుండా అబద్ధం చెప్పేవారు. ఒకావిడ ఏకంగా అంట్లు తోమిన నీళ్లు ఎత్తి మీద పోసింది. తడిసిన చొక్కాతోనే ఆయన పక్క గడపకు పోయాడట. ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పి తనే నవ్వాడు, మా అమ్మకు మాత్రం కళ్లనీళ్లు ఆగలేదు.

ఇక చిన్నాయన వైభవం చూడండి. యుద్ధం రోజుల్లో చేరి, దాదాపు పదేళ్లు ఎక్కడెక్కడో తిరిగి, యాభై మూడులో ఖాకీ కోటు వేసుకుని ఆళ్లగడ్డ దగ్గరి మా సొంత పల్లెకు వచ్చాడు. మండే ఎండాకాలంలో కూడా ఆ కోటు విప్పేవాడు కాదు. మేము క్రైస్తవులం, మా పేట ఊరికి దూరంగా ఉండేది. ఆ రోజుల్లో ఆళ్లగడ్డ బస్సులాగే చోట ఉన్న హోటల్లో మా పేటవాళ్లకు గ్లాసులు వేరు, గోడ బయట ఒక చెక్క మీద బోర్లించి ఉండేవి, తాగి మనమే కడిగి పెట్టాలి. అదే హోటలువాడు కోటు వేసుకున్న మా చిన్నాయనను మాత్రం లోపలికి పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టి, అందరికీ ఇచ్చే గ్లాసులోనే టీ ఇచ్చాడు. ఆ కబురు మా పేటలో పండుగలాగా పాకింది. అదే హోటలు ముందు మా నాయన, సర్కారు పెట్టె పక్కన పెట్టుకుని, బయటి గ్లాసు కడుక్కుని తాగి పోయేవాడు. బర్మాలో శత్రువులను చంపివచ్చిన వీరుడని ఊరంతా చెప్పుకునే మా చిన్నాయన, నిజానికి మిలిటరీ వంటశాలలో రొట్టెలు కాల్చి వచ్చాడని మా నాయనకు తెలుసు. ఎక్కడా నోరు విప్పలేదు. అంతమందికి అన్నం పెట్టడం మాత్రం తక్కువ పనా అని ఒక్కసారి నాతో అన్నాడు.

యాభై ఏడులో నాకు అదే పల్లెలో పంతులమ్మ ఉద్యోగం వచ్చి, మా జేజి, అంటే మా నాయన తల్లి, దగ్గరే ఉండసాగాను. చిన్నాయన కూడా ఆ ఇంట్లోనే. దాచేదేముంది, నేనూ ఆ కోటుకు దాసోహమన్నదాన్నే. జనవరిలో జెండా ఎగరేసిన రోజు చిన్నాయనను బడికి పిలిచి, పిల్లలందరిచేత వరుసలో సలాం కొట్టించాను. నెల తిరక్కుండా నాయన టీకాలు వేయడానికి వస్తే అదే పిల్లలు కిటికీలోంచి దూకి పారిపోయారు, నేను సిగ్గుతో తల దించుకున్నాను. ఎవరిని చూసి సిగ్గుపడాలో కూడా తెలియని వయసు.

ఆ ఏడు శివరాత్రికి నాయనకు మహానంది తిరునాళ్లలో డ్యూటీ పడింది. సూది వేయించుకోనిదే ఎవరినీ లోపలికి వదలకూడదని సర్కారు హుకుం. మనవాళ్లు తక్కువ తిన్నారా, మైలు దూరంలోనే బండ్లు దిగి, చేల గట్ల మీదుగా చుట్టుతిరిగి, దర్శనం చేసుకుని, కోనేట్లో మునిగి, మళ్లీ గట్ల మీదుగానే వచ్చి బండ్లెక్కారు. మా ఊరివాళ్లు కూడా అంతే. స్వామి దగ్గరికి పోతా సూదేందప్పా అని, సూదాయన కళ్లు ఎట్లా కప్పారో తిరిగొచ్చాక వారం రోజులు రచ్చకట్ట మీద కథలు కథలుగా చెప్పుకున్నారు. ఏదో కోట గెలిచినట్టు మా పేటవాళ్లు కూడా ఆ మాటలు విని నవ్వారు.

అంతలోనే పక్క ఊళ్లో వాంతులు, బేదులని కబురొచ్చింది. కలరా. రెండో రోజుకు నాయన పెట్టెతో సహా దిగాడు. రచ్చకట్ట దగ్గర జనాన్ని పోగుచేసి, వేడి నీళ్లు తాగండి, సూది వేసుకోండి, ఆ ఊరికి మీకు మధ్య ఒక్క వంకే అడ్డం అని బతిమాలాడు. వాళ్లకేమో శనగ కోతల రోజులు, సూది వేసుకుంటే రెండు రోజులు జ్వరం, చెయ్యి వాచి లేవదు. చివరికి ఊరి పెద్దాయన ఒక మాట తేల్చాడు.

"మిలిటరీ ఏసుకుంటే మేమంతా ఏసుకుంటామప్పా. ఆయప్ప కంటే మేమేం గొప్పోళ్లమా?"

అందరూ చిన్నాయన వైపు చూశారు. ఆయన కోటు గుండీలు సర్దుకుని, మాకు మిలిటరీలోనే అన్ని సూదులూ పొడిచినారు, నాకింక అక్కర్లే అన్నాడు. అంతే, మిలిటరీకే అక్కర్లేనిది మనకెందుకని జనం దులుపుకుని లేచిపోయారు. నాయన ఆ స్టవ్వు పక్కన, మరుగుతున్న సూదుల ముందు ఒక్కడే నిలబడ్డాడు. ఆ రోజు నేనూ వేయించుకోలేదు. మరుసటి వారం స్కూళ్ల ఇన్‌స్పెక్టరు రావలసి ఉంది, సూది కుడిచేతికి కాకపోయినా జ్వరమొస్తే కష్టమని, ఆయన వచ్చి పోయాక వేసుకుంటాలే నాయనా అన్నాను.

ఇంటికొచ్చాక పెరట్లో నాయన తమ్ముణ్ణి పట్టుకున్నాడు. నేను వంటింట్లో ఉండి వింటూనే ఉన్నాను.

"రేయ్, ఆ కోటు ఒక్క నిమిషం ఇప్పి, అందరి ముందర చెయ్యి చాపరా. ఊరు బతుకుతాది."

అప్పుడు చెప్పాడు చిన్నాయన అసలు సంగతి. మిలిటరీలో చేరిన మొదటి రోజు వరుసలో నిలబెట్టి సూది పొడవగానే కళ్లు తిరిగి పడిపోయాడట, అందరూ నవ్వారట, ఏడాది పొడుగునా ఆ మాటే అని ఏడిపించారట. ఇప్పటికీ సూదంటే భయమేనట.

"ఆడ పడితే నవ్వి ఊరుకున్నారన్నా. ఈడ పడినానంటే నా గ్లాసు మళ్లా గోడ బయట పెడతారు."

ఆ గ్లాసు సంగతి నాయనకు తెలియనిదా? ఇంకా మూడు ఊళ్లు ఉన్నాయని సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆ ఇద్దరన్నదమ్ముల్లో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు ఈనాటికీ తేలలేదు. కోటుకొక గ్లాసు, మనిషికొక గ్లాసు పెట్టిన లోకం మీద మాత్రం తేలింది.

ఇన్‌స్పెక్టరు ఇంకా రానేలేదు, పన్నెండో రోజున కలరా వంక దాటింది. మొదట గొర్రెలు కాసేవాళ్ల ఇంట్లో, ఆ మరునాడు మా పేటలో. తెల్లవారుజామున జేజికి మొదలై, మధ్యాహ్నానికి కళ్లు లోపలికి పోయి, పిలిస్తే పలకడం మానేసింది. చిన్నాయన, నేను బండి కట్టుకుని ఆళ్లగడ్డ ఆసుపత్రికి బయలుదేరాం. ఇంకా రెండు మైళ్లుందనగా బండిలోనే, నా ఒడిలోనే ప్రాణం పోయింది. కబురందుకుని నాయన వచ్చేసరికి సాయంత్రమైంది. రోగంతో పోయిన మనిషి కనుక ఆలస్యం చేయకుండా పొద్దుగూకే లోపలే సమాధి చేశాం. నాయన ఏడవలేదు. చేతులు కడుక్కుని, నేరుగా పోయి బావిలో మందు కలిపాడు.

మర్నాడు పొద్దున్నే రచ్చకట్ట దగ్గర స్టవ్వు వెలిగించాడు. అందరికంటే ముందు చిన్నాయన వచ్చాడు. కోటు విప్పి, మడిచి కింద పెట్టి, చెయ్యి చాపాడు. సూది దిగగానే ఆయన భయపడినట్టే నిలువునా కూలిపోయాడు. నాయన పట్టుకుని మొహాన నీళ్లు చల్లాడు. ఒక్కరూ నవ్వలేదు. ఊరు ఊరంతా వరుసలో నిలబడింది. నాయన ఆ రోజంతా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా చేతులు పొడుస్తూనే ఉన్నాడు. మా ఊళ్లో ఆ తర్వాత ఇంకొక్కరే పోయారు.

ఇప్పుడు వినండి నా కడుపు రగిలిన సంగతి. సాయంత్రం రచ్చకట్ట మీద పెద్దలంతా ఏమనుకున్నారో తెలుసా?

"మిలిటరీ గుండె అంటే అదప్పా! నిన్న తల్లిని పూడ్చి, ఈ పొద్దు అందరికంటే ముందొచ్చి నిలబడినాడు సూడు. మనతో అయ్యే పనేనా?"

కళ్లు తిరిగి పడిపోవడం కూడా తల్లి మీద దుఃఖమేనని తేల్చారు. పక్కనే స్టవ్వు ఆర్పి, సూదులు తుడిచి పెట్టెలో సర్దుకుంటున్న సూదాయనకు కూడా ఆమె తల్లేనని, ఆయన కూడా నిన్ననే మట్టి వేసి వచ్చాడని అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. చిన్నాయన మాత్రం తల ఎత్తలేదు. చిన్నాయన గ్లాసు హోటలు లోపలే ఉండిపోయింది. మా నాయన గ్లాసు ఆయన రిటైరయ్యేదాకా ఉన్నచోటే ఉంది.

కాలం మారిందిలెండి. ఆ హోటలు లేదు, గోడ బయటి గ్లాసులు లేవు, కలరా అంటే ఏమిటని మా మునిమనవరాలు నన్ను అడుగుతుంది. రోగం పోయింది కనుక దాన్ని పోగొట్టినవాళ్లు కూడా ఎప్పుడూ లేనట్టే అయిపోయారు. ప్రాణం మీదికి తెచ్చుకునే పని ఎవరు చేసినా మర్యాద ఇవ్వవలసిందే, కాదనను. కానీ ఆ మర్యాద ఏ బట్టకు, ఏ తుపాకికి అని వెతుక్కుంటూ కూర్చుంటే, అంట్లనీళ్లు మీద పోయించుకుని పక్క గడపకు పోయినవాడు ఎవరి కంటికీ ఆనడు. ఇలా అందరినీ తిట్టిపోస్తున్నానే గానీ, ఒక సంగతి నేను మా నాయనకు కూడా ఆయన పోయేదాకా చెప్పుకోలేదు.

పెరట్లో ఆ మాటలు జరిగిన రోజు, నాయన సైకిలు బయటికి తీస్తుండగా, జేజి బియ్యం చెరుగుతూ నన్ను పిలిచింది. జేజి సూది వేసుకోకపోవడానికి చిన్నాయనే కారణమని ఇంటిల్లిపాదీ నమ్మారు, చిన్నాయన కూడా అట్లా నమ్మే చచ్చిపోయాడు. జేజి మాత్రం ఆయన్ను అడగలేదు.

"నువ్వు ఏసుకుంటివా పాపా?"

"లేదు జేజీ, ఇన్‌స్పెక్టరు వచ్చిపోనీలే."

"సదువుకున్నదానివి, నీకే తొందర లేకపోతే నాకేం తొందర? ఇద్దరం ఒక్కసారే ఏసుకుందాంలే."

ఆ సూది వేసుకుంటే జేజి తప్పకుండా బతికేదని చెప్పలేను, అప్పటి మందులు అంతంత మాత్రమే. కానీ ఊరంతా నీ చేతులు మాకొద్దని లేచిపోయిన రోజున, ఆయన కన్నబిడ్డనై ఉండి, పదిమందికి బుద్ధి చెప్పే పంతులమ్మనై ఉండి, మా నాయన ముందు ఒక్క చెయ్యి చాపడానికి నాకు తీరిక లేకపోయింది.