మావయ్య చెక్కిన ములుకులు

అరవైల చివర నేను శ్రీకాకుళంలో కాలువల ఆఫీసులో ట్రేసరుగా, అంటే పెన్సిలు నక్షాల్ని సిరాతో గుడ్డ మీదికి ఎక్కించే పనిలో, చేరాను. మా గదిలో అందరికన్నా ఎక్కువ గౌరవం అందుకునేది మనిషి కాదు, హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గారి బల్ల అంచుకి మరతో బిగించిన పిడికిలంత ఇనప వస్తువు. కాగితాల్లో దాని పేరు లెడ్ పాయింటర్. చెక్క పెన్సిలైతే బ్లేడుతో చెక్కుకోవచ్చు. మేం నక్షాలు గీసే ఇనప పెన్సిళ్లలో నల్ల ములుకు విడిగా ఉంటుంది, బ్లేడు పెడితే పుటుక్కున విరుగుతుంది. అందుకని పెన్సిలుని ఈ వస్తువు నెత్తిమీది కన్నంలో నిలబెట్టి గుండ్రంగా తిప్పాలి. లోపల ములుకు అరిగి సూదిలా తేలుతుంది, నల్లపొడి అడుగున రాలుతుంది. గానుగెద్దులా పెన్సిలు తిరుగుతుంది గనక మేం దాన్ని గానుగ అనేవాళ్లం. ఎవరో దొరల కాలం ఇంజనీరు వదిలి వెళ్లాడట. దొర వెళ్లిపోయినా దీని దొరతనం పోలేదు. హెడ్ గారిని అడక్కుండా ఎవరూ ముట్టుకోకూడదు. ఆయన సెలవు పెడితే దానికి చలేస్తుందేమో అన్నట్టు గుడ్డ కప్పి మరీ వెళ్లేవారు.

ఆ దర్జా అంతా మా మావయ్య వచ్చేదాకానే.

మావయ్య అంటే మా అమ్మకి అన్న, నేనాయన మేనకోడల్ని. పాతపట్నం వెళ్లే దారిలో మెట్ట పొలం, అందులో సోళ్లు, గంట్లు పండించేవాడు. పొలం మధ్యలో ఒక నుయ్యి. మేం గీస్తున్న కాలువ ఆ పొలం మీదుగా వెళ్తుందని ఊళ్లో తెలిసిపోయింది. నేల కొంత పోతే పోనీ, నుయ్యి మాత్రం మిగలాలని ఆయన పట్టు. ఆ పట్టుతోనే ఒక సోమవారం పొద్దున్నే తలపాగా చుట్టుకుని ఆఫీసులో దిగాడు.

నాకు కొత్త ఉద్యోగం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు అన్నట్టు, కనబడిన వాళ్లందరికీ పాఠం చెప్పే రోజులు. నక్షా ముందు నిలబెట్టి వివరించాను. ఇక్కడ అంగుళమంటే నేల మీద చాలా దూరమనీ, మొద్దు పెన్సిలుతో గీత గీస్తే అది పొలంలో ఒక మనిషి అడ్డంగా పడుకున్నంత వెడల్పనీ చెప్పాను. మావయ్య మీసం దువ్వుకుంటూ కాసేపు ఆలోచించాడు.

"ఐతే ములుకు సన్నగా సెక్కితే నుయ్యి తప్పిపోతాది కదేటి?"

గీత సన్నమైతే కాలువ సన్నం కాదు మావా అన్నాను. గదంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. తిన్నగా హెడ్ గారి బల్ల దగ్గరికి వెళ్లి, ఒక్క పెన్సిలు గానుగలో తానే ఆడిస్తానని అడిగాడు. ఇక పిడుగు పడుతుందని మేమంతా తలలు వంచుకున్నాం. హెడ్ గారు ఆ తెల్లమీసాలకేసి ఒక క్షణం చూసి, ఏమనుకున్నారో, జేబులోంచి సొంత పెన్సిలు తీసి ఇచ్చారు. మాకెవరికీ ఎన్నడూ దక్కని భాగ్యం అది.

ఇక ప్రతి సోమవారం మొదటి బస్సుకి మావయ్య హాజరు. నక్షాలు కాలువ మొదటి నుంచి వరసగా గీసుకుంటూ రావాలి, ఆయన పొలం ఉన్న కాగితం ఎక్కడో చివర్లో ఉంది. వచ్చీరాగానే తన నుయ్యి కాగితం మీదికి వచ్చిందా అని అడిగేవాడు. ఇంకా లేదంటే గానుగ ముందు కూర్చునేవాడు. ఒక్కొక్క ములుకునీ కిటికీ వెలుగులో పెట్టి, ఒక కన్ను మూసి, పెళ్లిచూపులంత శ్రద్ధగా చూసి, చాలదని మళ్లీ తిప్పేవాడు. ఆయనకి నచ్చేసరికి ములుకు సగం పొడైపోయేది. మా వాళ్లు తక్కువవాళ్లా, సోమవారం వస్తోందంటే కావాలనే ములుకులు మొద్దు చేసి ఉంచేవాళ్లు. ఉగాది దాకా రావలసిన ములుకులు దసరాకే అయిపోతున్నాయని హెడ్ గారు గొణిగేవారు, గొణుగుతూనే తన పెన్సిలు ముందుగా ఇచ్చేవారు.

ఆ పొడిని మావయ్య ఉఫ్‌మని ఊదేవాడు. అదంతా వెనక్కొచ్చి మీసాల్లో చేరేది. ప్రతి సోమవారం తెల్లమీసాలతో పట్నం వెళ్లిన మొగుడు నల్లమీసాలతో తిరిగొస్తుంటే మా అత్త మాత్రం ఎన్నాళ్లని ఊరుకుంటుంది? ఒకరోజు నేను ఊరెళ్తే నన్ను పక్కకి పిలిచి, పట్నంలో ఎవతి కోసం ఈ రంగు పూసుకుంటున్నాడో చెప్పమని నిలదీసింది. గానుగ అని చెప్పాను. ఆ జవాబు నమ్మకపోగా మావయ్యకి రెండ్రోజులు అన్నం సరిగా పెట్టలేదట. నాకిప్పటికీ తలచుకుంటే నవ్వొస్తుంది.

చివరికి ఆ కాగితం వంతు వచ్చింది. మావయ్య ఆడించిన ములుకుతోనే హెడ్ గారు కాలువ హద్దు గీశారు. అంత సన్నని గీత నేను మళ్లీ చూడలేదు. సిరాతో ట్రేసింగ్ గుడ్డ మీదికి ఎక్కించమని నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. చూస్తే నుయ్యి గుర్తుగా వేసిన చిన్న సున్నా కాలువ లోపల ఉంది. గీత దానికి అవతలగా పోయింది. సన్నం లావులతో పనిలేనంత అవతలగా. ఇన్నాళ్లూ మావయ్యని వేళాకోళం చేసిన నేను, లోలోపల ఆయనలాగే ఆశపడ్డానని అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది.

సోమవారం ఆయన్ని లోపలికి రానివ్వకుండా వరండాలోనే ఆపి, నుయ్యి పోతుందని చెప్పేశాను.

"తెలుసే గుంటా," అన్నాడు. "ఎండాకాలంలో కాలువ హద్దుకి మేకులు పాతినప్పుడు నాను అక్కడే ఉన్నాను. నుయ్యికి అవతలే పాతినారు."

నాకు ఒళ్లు మండింది. తెలిసి కూడా ఇన్ని సోమవారాలు ఎందుకొచ్చావని గట్టిగానే అడిగాను.

"ఇంటికాడ ఊరికినే కూకుంటే కళ్లముందు ఆ నుయ్యే ఉంటాది. నా సేతుల్తో తవ్వుకున్నాను. దాని మీద ఎవలో గీత గీసేస్తుంటే ఊరుకోలేకపోయినాను. ఇక్కడికొస్తే నా సెయ్యి కూడా ఉన్నాదనిపించీది."

తరవాత, సిరాతో గీసేది ఎవరని అడిగాడు. నేనే అన్నాను.

"ఐతే గియ్యి. పరాయోళ్లు గీసేకన్నా నువ్వు గీసిందే నయం."

లోపలికి వెళ్లి గీశాను. అయిపోయేదాకా ఆయన నా పక్కనే నిలబడి చూశాడు.